మరిగించకూడని నమూనా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నాచారం పారిశ్రామికవాడలోని ఒక పరిశోధన సంస్థలో ప్రోటీన్ విభాగానికి గ్రూప్ లీడర్‌గా చేరాను. ఇల్లు ఉప్పల్‌లో. నా కింద ముగ్గురు పనిచేసేవారు. వారిలో స్వరూప కాంట్రాక్టు టెక్నీషియన్. మౌలాలి నుంచి వచ్చేది. చేతిపనిలో నాకంటే అనుభవం ఎక్కువ.

ఒక మందుల కంపెనీ మాకు ఏబీసీఏ-వన్ అనే ప్రోటీన్‌ను కొలిచే పని అప్పగించింది. ఇది కణం పొరలో ఉండి లోపలి కొలెస్ట్రాల్‌ను బయటికి పంపుతుంది. దాన్ని చూడాలంటే కణాలను కరిగించిన నమూనాను జెల్ అనే మెత్తటి పలకలో నడిపి, ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి, పల్చని పొర మీదికి ఎక్కించి, ఆ ప్రోటీన్‌కు మాత్రమే అతుక్కునే యాంటీబాడీ వేస్తాం. అతుక్కున్న చోట నల్లటి గీత వస్తుంది. దాన్ని బ్యాండ్ అంటాం. జెల్‌కు ముందు నమూనాను ఐదు నిమిషాలు మరిగించడం మా రివాజు. ఆ పని నేనే చేసేవాణ్ణి, మరొకరికి వదిలేవాణ్ణి కాదు.

మొదటిరోజే స్వరూప అడిగింది. "సార్, గిది మరిగించొచ్చా? పాత ల్యాబ్‌ల గిసొంటి ప్రోటీన్లను మేం ఉడకబెట్టకపోతుంటిమి."

"పప్పు ఉడక్కుండా చారవుతుందా అమ్మా?" అన్నాను. మిగతా ఇద్దరూ నవ్వారు.

"చారు గాదు సార్, అన్నం ముద్దైతది," అంది.

బ్యాండ్ రాలేదు. అదే పొర మీద ఆక్టిన్ అనే మామూలు ప్రోటీన్ దాని యాంటీబాడీతో చక్కగా కనిపించింది. అంటే జెల్‌లో లోపం లేదు, తప్పు యాంటీబాడీదేనని తేల్చాను. మూడుసార్లు అదే జరిగింది. గడువు దగ్గరపడింది.

ఇలాంటప్పుడు డీవియేషన్ రిపోర్టు రాయాలి. పని ఎక్కడ తప్పిందో, కారణమేమిటో క్వాలిటీ విభాగానికి తెలిపే కాగితం అది. ఎప్పుడూ చల్లగా ఉంచాల్సిన యాంటీబాడీ సీసా ఎవరి చేతిలో ఉండిందని అడిగాను. స్వరూప దాచలేదు.

"ఒక్కరోజు అన్నానికి పోయినప్పుడు డబ్బాల ఐస్ కరిగింది సార్. గంటసేపు గట్లనే ఉన్నది. గంటకే చెడిపోదు. జర ఒక్కసారి మరిగించకుండ చూడుండ్రి."

చూడలేదు. 'టెక్నీషియన్ నిర్లక్ష్యం వల్ల యాంటీబాడీ పాడైంది' అని కారణం గడిలో ఆమె పేరుతో సహా రాసి సంతకం చేశాను. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగిసింది, పొడిగించలేదు. చివరిరోజు బల్ల తుడిచి, పిపెట్లు స్టాండుకు తగిలించి వెళ్లింది.

కొత్త సీసా తెప్పించాం. దానితోనూ బ్యాండ్ రాలేదు. అప్పుడు మొదటిసారి సీసాతో వచ్చిన కాగితం పూర్తిగా చదివాను. నమూనాను మరిగించవద్దని అందులో ఉంది. కణం పొరలో పలుమార్లు అటూ ఇటూ దూరి ఉండే ఇలాంటి ప్రోటీన్లు వేడికి ఒకదానికొకటి అంటుకుని గడ్డకడతాయి, జెల్‌లోకి దిగవు. స్వరూప చెప్పిన అన్నం ముద్ద అదే. మరిగించకుండా నడిపితే బ్యాండ్ వచ్చింది. ఎవరికీ చెప్పకుండా పాత సీసా కూడా తీసి పరీక్షించాను. దానితోనూ వచ్చింది, అంతే నల్లగా.

నివేదికలో 'కొత్త సీసాతో ఫలితం వచ్చింది' అని రాశాను. మరిగించడం మానేసిన సంగతిని పద్ధతిలో చిన్న సవరణగా చేర్చాను. పాత సీసా గురించి ఒక్క ముక్క రాయలేదు.

నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. స్వరూప దమ్మాయిగూడలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తోందని తెలిసి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె ట్యూబులకు పేర్లు అంటిస్తూనే విన్నది.

"నాకు గప్పుడే ఎరుక సార్. నాకెందుకు చెప్పుడు? ఎరుక లేనోళ్లకు చెప్పుండ్రి. గా కాగితం మీద నా పేరింకా గట్లనే ఉన్నది. రెండు కంపెనీలోళ్లు మీ ఆఫీసుల అడిగి తెలుసుకొని నన్ను వద్దన్నరు."

క్వాలిటీ విభాగానికి లేఖ రాశాను. ముగిసిన రిపోర్టును మళ్లీ తెరవరట. నా లేఖను దానికి జతచేశామని జవాబిచ్చారు. ఆ జవాబు ప్రతి ఆమెకు అందజేశాను. తీసుకుంది.

బ్యాండ్ రానప్పుడు ఇతరులు చేసిన పనిని మాత్రమే కాక, తన చేత్తో చేసిన పనిని కూడా మార్చి చూడాలి. మరిగించకుండా ఒక్క జెల్ నడపడానికి ఒక్కరోజు చాలు. ఆ ఒక్కరోజును నేను రిపోర్టు రాయడానికి వాడుకున్నాను.