చూపు దక్కని బాబాయి

ఇప్పటికీ ఏ ఇంట్లోంచైనా మినపప్పు వేయించే కమ్మటి వాసన వస్తే నాకు సున్నుండలు కాదు, నాన్న తమ్ముడు సత్తిబాబు బాబాయి గుర్తుకొస్తాడు. మిలిటరీ నుంచి సెలవు మీద వచ్చిన ఆయన తిరిగి వెళ్ళే ముందు రోజు, మేము మామ్మ అని పిలిచే మా నాన్నమ్మ పొద్దున్నే పొయ్యి వెలిగించేది. పెళ్ళయ్యాక ఆయన భార్య, మా పిన్ని, తిరగలి తిప్పుతుంటే, మామ్మ నెయ్యి కాస్తుంటే, చుట్టిన ప్రతి ఉండకీ చెయ్యి చాపుతూ మేము.

బాబాయి ఊళ్ళో ఉన్న నెల్లాళ్ళూ మాకు పండగే. సైకిలు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని ఆత్రేయపురం తీసుకెళ్ళి పూతరేకులు కొనిపెట్టేవాడు, వానాకాలం కాలువ నిండుగా పారుతుంటే వంతెన మీంచి దూకి, మా గుండెలు గుభేలుమన్నాక అవతలెక్కడో తేలి నవ్వేవాడు, తాతయ్యకు మాత్రం దగ్గు మందని చెప్పి మిలిటరీ క్యాంటీన్ రమ్ము సీసా ఇచ్చేవాడు. ఆ దగ్గు తాతయ్యకు ఏడాది పొడవునా తగ్గేది కాదు.

పెళ్ళయిన ఏడాదే ఆయన్ని శ్రీలంక యుద్ధానికి పంపారు. మనిషి తిరిగి రాలేదు. అక్కడే దహనం చేశామని చెప్పి ఇద్దరు జవాన్లు ఆయన సామాన్లున్న నల్ల ట్రంకు పెట్టె మా అరుగు మీద దింపి, సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయారు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తే కర్మ జరిపించవచ్చని పంతులుగారు అన్నారు. మామ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గడ్డిబొమ్మకి నిప్పెట్టి నా కొడుకంటారేంటండి? కడచూపు లేకుండా చావేంటి?"

తాతయ్య పంతులుగారికి దణ్ణం పెట్టి పంపేశారు. కర్మ జరగలేదు కనక పదోరోజు రాలేదు, పదోరోజు రాలేదు కనక పిన్ని బొట్టు అలాగే ఉండిపోయింది. రోజూ మామ్మే తన చేత్తో ఆమెకు కుంకుమ దిద్దేది. పేరంటానికి పిలవాలో వద్దో తేలక ఊళ్ళో ఆడవాళ్ళు పిలవడమే మానేశారు. పిన్ని వాళ్ళ నాన్న వచ్చి, "చిన్నపిల్లండి, తీసుకెళ్ళి మళ్ళీ పెళ్ళి చేస్తామండి" అని బతిమాలితే, "రేపు వాడొచ్చి నా పెళ్ళామేదంటే ఏం చెప్పమంటారండి?" అంది మామ్మ. అట్లతద్దికి తెల్లవారకుండానే లేచి గోంగూర పచ్చడీ పెరుగన్నం తిని మేము ఉయ్యాలలూగుతుంటే, పిన్ని అరుగు స్తంభం పట్టుకుని చూస్తుండేది. పిలవాలనిపించేది గాని, పెద్దవాళ్ళ మొహాలు చూసి ఊరుకునేవాళ్ళం. ఆ ఇంట్లో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఎవరి మీదా కోప్పడలేకపోయాను.

తాతయ్య పోయారు, నాన్న పోయారు, తిరగలి ఏమైందో తెలీదు, ఆ వంతెన పడగొట్టి కొత్తది కట్టారు. మొన్న చలికాలంలో, తొంభై దాటిన మామ్మ కూడా పోయింది. పదోరోజు గోదారి రేవులో స్నానాలు చేస్తుంటే, ఎవరూ చెప్పకుండానే పిన్ని నీళ్ళలో నిలబడి బొట్టు కడిగేసుకుంది.

"ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారు పిన్నీ, ఉంచుకో" అన్నాను.

"పెట్టె దింపిన రోజే నాకు తెలుసమ్మా. అత్తయ్యగారు తట్టుకోలేరని ఊరుకున్నాను. బొట్టెట్టుకుని మొగుడి కోసం ఎలా ఏడవను?"

అంటూనే మెట్టు మీద కూలబడి, "ఏమండీ" అని గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు మామ్మ కోసమే అనుకుని, పక్కనున్న ఈ తరం పిల్లలు, "నిండుగా బతికారు కదండి పెద్దావిడ" అని ఓదార్చారు. పిన్ని కాక బాబాయి మొహం ఎరిగినవాళ్ళలో అక్కడ మిగిలింది నేనొక్కదాన్నే.