శాంప్లర్ వెనకవైపు

పక్కింటి పెద్దావిడ పోయిందని సోమవారం పొద్దున ఆవిడ కొడుకు చెప్పాడు. మా వాకిట్లో ట్రాక్టర్ ఆపి, టోపీ తీసి, "మదర్ పోయింది. ముందు నీకే చెప్పమనేది" అన్నాడు. తడి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆవిడంటే నాకు గౌరవం ఉండేది. అంతకంటే ఎక్కువ అసూయ ఉండేది. అది దాచి రాస్తే ఆవిడ గురించి రాసినట్టు కాదు.

డెబ్భైల చివర మా వారికి ఒహాయోలో, మొక్కజొన్న పొలాల మధ్య ఒక చిన్న ఊరి ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. దగ్గరలో తెలుగువాళ్ళు లేరు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. నాకు కుట్టు వచ్చని తెలిసి ఆవిడ ప్రతి బుధవారం పిలిచేది. చర్చి ఆడవాళ్ళు నలుగురైదుగురు ఆవిడ వంటింట్లో చేరి బొంతలు కుట్టేవారు. కుట్టు తప్పి ఎవరైనా కత్తెర అందుకుంటే, "ముందు కాఫీ తాగు, తర్వాత విప్పుదువుగాని" అనేది.

ఆ వంటింటి గోడ మీద అద్దం బిగించిన శాంప్లర్ ఒకటి ఉండేది. పూర్వం ఇక్కడ ఆడపిల్లలకు అక్షరాలూ కుట్టూ కలిపి నేర్పేవారట. నారగుడ్డ మీద అక్షరాలు, అంకెలు, ఒక ఇల్లు, అడుగున కుట్టిన పిల్ల పేరు, తొమ్మిదేళ్ళ వయసు. ఆ పిల్ల ఈవిడ అమ్మమ్మకు అమ్మమ్మ. ఎవర్ని చేసుకుంది, ఎందర్ని కన్నది, అన్నీ వేళ్ళ మీద చెప్పేది. "పేరున్నవాళ్ళే మిగులుతారు, హనీ" అనేది.

మన అమ్మమ్మల పేర్లు రాయమని మా అమ్మకు ఉత్తరం రాశాను. "మా అమ్మమ్మ పేరే నాకు తెలీదు. అందరూ ముసలమ్మ అనేవాళ్ళు. ఇప్పుడు దేనికే అదంతా?" అని జవాబొచ్చింది. అప్పట్నుంచి ఆ గోడ వైపు చూడ్డం మానేశాను.

ఒక బుధవారం, అద్దం పగిలిందని ఆవిడ శాంప్లర్‌ని బయటికి తీసింది. మా అమ్మ ఏ రవికె చేతికిచ్చినా ముందు లోపలివైపు తిప్పి చూసేది. నాకూ అదే అలవాటు. తిప్పాను. పై సగంలో ప్రతి దారానికీ ముడి ఉంది. కింది సగంలో ఒక్క ముడీ లేదు, కొసలు కుట్ల కిందికి దోపి ఉన్నాయి.

"ఇది ఒక్కరు కుట్టింది కాదు. పై సగం వేరే చెయ్యి" అన్నాను, అందరికీ వినపడేలా. నిజమే చెప్పాను. కాని సంతోషంగా చెప్పాను.

ఆవిడ కాఫీ పెట్టడానికి లేచింది.

ఇంటికొచ్చి చెబితే మా వారు తల పట్టుకున్నారు. "నిన్నెవరు తిప్పమన్నారే? స్నో పడితే మన డ్రైవ్‌వే క్లీన్ చేసేది వాళ్ళబ్బాయే!"

"పార ఉందిగా, మీరే తీద్దురుగాని."

రెండు బుధవారాలు పిలుపు రాలేదు. మూడో వారం ఆవిడే వచ్చింది, చంకలో పాత బైబిల్‌తో. ఇంట్లోవాళ్ళ పుట్టుకలూ చావులూ అందులో రాసుకుంటారు. తొమ్మిదేళ్ళ పిల్ల పేరుకు పైనున్న వరుస చూపించింది. తడి తగిలి పేరు అలికిపోయింది. పదకొండేళ్ళు, జ్వరం. అంతే మిగిలింది.

"అక్క అయ్యుంటుంది. తను వదిలేసింది చెల్లెలు పూర్తి చేసిందేమో. ఇన్నేళ్ళూ ఈ వరుస దాటేసి చదివాను" అంది. "నువ్వు చూశావు."

రుజువేమీ లేదు. ఆవిడ ముఖం చూస్తే మాత్రం నాకు మళ్ళీ అసూయే కలిగింది. ఉన్న బలగం చాలనట్టు ఇంకొకర్ని నేనే చేతులారా ఇచ్చాను. క్షమించమని అడగాలనుకుని, టీ పెట్టాను.

ఇప్పుడా శాంప్లర్ ఆవిడ మనవరాలికి వెళుతుంది. అడిగితే నాకిచ్చేదేమో. అడగలేదు.

కిందటి వేసవికే ఆవిడకు చూపు పోయింది. వరండాలో కూర్చుని, గుడ్డను ఒళ్ళో బోర్లా పరుచుకుని, పై సగం మీద వేలు జరిపేది. ప్రతి ముడి దగ్గరా ఆగేది, ఎవర్నో పేరు పెట్టి పిలవబోయినట్టు పెదవి కదిపి, మళ్ళీ తర్వాతి ముడికి వెళ్ళేది.