చుక్క దూరని ఇల్లు

మా బావని బస్సు బాడీలు కట్టే షెడ్డులో అందరూ చుక్క మేస్త్రి అనేవారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అది మందు చుక్క అనుకుని ఆయన దగ్గర వాసన పసిగట్టాలని చూసేవారట. పాపం, ఆయన పుట్టి బుద్ధెరిగి తాగలేదు. బస్సుకి రేకులు బిగించి, కిటికీ అద్దాల చుట్టూ గమ్ము పూసి, పైనుంచి పైపుతో నీళ్ళు కొట్టమని చెప్పి, తాను లోపల సీట్లో కూర్చుని కప్పు కేసి చూసేవాడు. ఒక్క చుక్క పడినా ఆ బస్సు షెడ్డు దాటేది కాదు. పేరు అలా వచ్చింది. "ఈయన అతుకు వేశాక గాలి కూడా అడిగి లోపలికి రావాల్సిందే" అనేది మా అక్క. ఆ మాటకి మేమంతా పడీ పడీ నవ్వేవాళ్ళం.

అక్క బస్టాండులో టికెట్ల కౌంటరులో పనిచేసింది. జీవితమంతా ఊళ్ళ పేర్లు చెప్పి టికెట్లు చింపి ఇచ్చింది గానీ తాను మాత్రం ఇల్లూ కౌంటరూ తప్ప మరొకటి చూడలేదు. ఆ దిగులు ఆమెకి ఉందని బావకి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. షెడ్డు మూతపడ్డాక, తుక్కు కింద పోవాల్సిన ఒక మినీబస్సుని తెచ్చుకుని దాన్ని ఇల్లుగా మార్చడం మొదలుపెట్టాడు. సీట్లు పీకేసి మంచం బిగించాడు. మడత బల్ల, గోడలోకి నెట్టేసే అల్మారా, గిన్నెలు కుదుపుకి పడిపోకుండా అడ్డుపట్టీలు. కప్పు మీద సోలారు పలకలు, మంచం కింద బ్యాటరీలూ ఇన్వర్టరూ, పొయ్యి పైన గాలి లాగే ఫ్యాను. కర్టెన్లు నేను కుట్టాను. నాది కుట్టు పని, నాకు ఆ ఒక్క విషయంలోనే ఆయన మీద నోరు పారేసుకునే హక్కు ఉండేది. "మరదలా, ఆ అంచు వంకర" అంటే, "నీ బస్సే వంకర బావా, నా అంచు కాదు" అనేదాన్ని.

ఆ ఎండాకాలమంతా వాళ్ళు తిరిగారు. అక్క ఎక్కడెక్కడినుంచో ఫోను చేసి, "ఈ ఊరి టికెట్లు ఎన్ని అమ్మానో, ఇంత బాగుంటుందని తెలిస్తే కాస్త గౌరవంగా చింపేదాన్ని" అనేది. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. వానలు మొదలయ్యాక తిరిగి వచ్చి, ఊరి చివర పాత మిల్లు ఆవరణలో బండి ఆపుకున్నారు. అలాంటి బండి ఇళ్ళు అక్కడ మరికొన్ని ఉండేవి.

చలి ముదిరాక బావ ఒక గ్యాసు హీటరు తెచ్చాడు. దాన్ని తలుపు పక్క బల్లపీట కింద బిగించి, మండిన పొగ బయటికి పోయేందుకు నేలలోంచి ఒక గొట్టం దించాడు. గొట్టం అతుకుకి తన చేతికి అలవాటైన గమ్మే పూశాడు. కిటికీ అద్దాలకి పూసేదే. ఎన్నేళ్ళ వానలకీ చెక్కుచెదరని గమ్ము అది. మంటకి మాత్రం పనికిరాదు. ఆ సంగతి బస్సు కిటికీలు బిగించినవాడికి ఎవరు చెబుతారు? ఆయన బస్సుల్లో ఎప్పుడూ మంట లేదు కదా.

తర్వాత కొన్నాళ్ళకే అక్కకి తలనొప్పి మొదలైంది. పొద్దున లేవగానే తల బరువు, కడుపులో వికారం, కాళ్ళలో సత్తువ లేకపోవడం. బండి దిగి ఆవరణలో నాలుగడుగులు వేస్తే తేలికపడేది. మా ఇంటికి వస్తే అసలు నొప్పే ఉండేది కాదు. మళ్ళీ బండెక్కితే మామూలే. బావ ఆమె కణతలు నొక్కుతూ కూర్చునేవాడు. "నా బండిలోనే ఏదో ఉంది మరదలా, నేను కట్టిన బండిలోనే" అనేవాడు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు దిగాడు మీటరాయన. ఆవరణలో పక్క బండి ఆయనది. కరెంటు తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఒక చిన్న మీటరు ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. చెడ్డవాడు కాదు, అడగకుండానే సాయం చేసే రకం. అలాంటివాళ్ళంటేనే నాకు భయం. మంచం మీద మీటరు పెట్టాడు. అక్క దిండు దగ్గర అంకెలు గబగబా పైకెళ్ళాయి.

"చూశావా తమ్ముడూ? సరిగ్గా ఆమె తల కిందే ఉంది నీ ఇన్వర్టరు. ఇది రోజూ మెదడుని తింటుంది" అన్నాడు.

బావ వంగి మంచం కిందికి చూశాడు. ఆ మంచం కింద ఇన్వర్టరు పెట్టింది ఆయనే. ఎండాకాలమంతా అక్క దాని మీదే హాయిగా పడుకుందన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాలేదు. అనుమానం పెనుభూతం అన్నారు, అది పట్టుకున్నాక మనిషి వెనక్కి లెక్క చూసుకోడు.

నేను బలవంతంగా వాళ్ళిద్దర్నీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె ఓపిగ్గా అంతా విని, బావతో అంది:

"ఇన్వర్టరు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందండీ, మీటరు అబద్ధం చెప్పలేదు. కానీ కాస్త దూరం జరిగితే అది బాగా పడిపోతుంది. ఇంత చిన్న క్షేత్రంవల్ల ఇలా జబ్బు చేస్తుందని రుజువేమీ లేదు. మీకు భయంగా ఉంటే మంచానికి దూరంగా మార్చుకోండి, తప్పేం లేదు. కారణం అదేనని మాత్రం ఆగిపోకండి. బండిలో ఏమైనా మండిస్తారా?"

"పొయ్యి ఉందండీ, అందరి ఇళ్ళల్లో ఉన్నట్టే. హీటరు ఉంది గానీ దాని పొగ బయటికే పోతుంది. గొట్టం నేనే బిగించాను."

"దాన్ని ఒకసారి తెలిసినవాళ్ళకి చూపించండి. అమ్మకి రక్తపరీక్ష కూడా రాస్తాను. అది బండిలోంచి నేరుగా వచ్చినప్పుడు, బయటి గాలికి తేరుకోకముందే చేయాలి."

అక్క చేయి వెనక్కి లాక్కుంది. "ఇప్పుడు నాకు ఏ నొప్పీ లేదమ్మా. బాగున్నదాన్ని సూదితో పొడవడం ఎందుకు?" అంది. బయటికొచ్చాక నేను పట్టుబట్టాను.

"హీటరు చూపిస్తే పోయేదేముంది బావా?"

"నా పేరు పోతుంది మరదలా. చుక్క మేస్త్రి వేసిన అతుకు ఇంకొకడు వచ్చి చూస్తాడా?"

మొండివాడు రాజు కంటే బలవంతుడు. ఆయనతో వాదించి నెగ్గినవాళ్ళు మా వంశంలో లేరు.

ఇంటికెళ్ళగానే మంచం తిప్పేశాడు. ఇన్వర్టరుకి దూరంగా ఉండాలని అక్క తలవైపుని ఇటు మార్చాడు. ఇటు అంటే తలుపు వైపు. తలుపు పక్క బల్లపీట, బల్లపీట కింద హీటరు. మంచం తిప్పాక అక్కకి నొప్పి పెరిగింది. పెరిగేసరికి ఆయన ఇంకా గట్టిగా నమ్మాడు, ఆ క్షేత్రం గోడల్లోని తీగల్లోంచి కూడా వస్తోందని. దీపాలు పీకేశాడు. ఫ్రిజ్ పీకేశాడు. నేను వెళ్ళేసరికి గోడల్లోంచి లాగిన తీగలు గుమ్మం ముందు గుట్టగా పడి ఉండేవి. ఎంత ప్రేమగా అమర్చుకున్నవో. ఆయన కళ్ళు లోపలికి పోయాయి, గడ్డం మాసిపోయింది. "తగ్గాలి మరదలా, దీనికి తగ్గాలి" అనడం తప్ప ఇంకో మాట లేదు.

హీటరుతో పాటు ఒక చిన్న తెల్ల డబ్బా ఇచ్చారు. గాలిలో విషవాయువు చేరితే అరిచే అలారం అది. ఒక పొద్దున అది చెవులు చిల్లులు పడేలా అరిచింది. బావ ఇన్వర్టరు ఆపేసి, తలుపు తెరుచుకుని మీటరాయన్ని పిలవడానికి పరుగెత్తాడు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి అరుపు ఆగిపోయింది. తెరిచిన తలుపులోంచి గాలి ఆడింది కనుక ఆగింది. వాళ్ళకి మాత్రం ఇన్వర్టరు ఆపితే ఆగినట్టు కనిపించింది.

"ఆ క్షేత్రంలో పెడితే ఇలాంటివి పిచ్చెక్కి అరుస్తాయి తమ్ముడూ. ఇది కూడా కరెంటు వస్తువే, తీసెయ్యి" అన్నాడు మీటరాయన. బావ దాన్ని ఊడదీసి, వెండిరేకులో చుట్టి, పనిముట్ల పెట్టెలో పడేశాడు.

ఆ వెండిరేకు బస్సు కప్పుల కింద వేడి తగలకుండా పరిచేది. దాన్నే లోపల గోడలన్నిటికీ అంటించాడు. నా కర్టెన్లు తీసేసి కిటికీలకి కూడా అంటించాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. నేను మండిపడ్డాను.

"బావా, ఇది ఇల్లా, అన్నం మూట కట్టే పొట్లమా? ఆమెకి ఊపిరాడొద్దూ?"

"ఫ్యాను ఉందిగా" అంది అక్క నీరసంగా, భర్తని వెనకేసుకొస్తూ. చివరికి ఆ ఫ్యానూ పోయింది. దాని తీగ దగ్గర మీటరు కదిలిందట. ఇన్వర్టరునీ ఫ్యానునీ విప్పేసి, కప్పులోని ఆ కంతకి రేకు కొట్టి, చుట్టూ గమ్ము పూశాడు. మర్నాడు నాకు ఫోను చేశాడు. నెలల తర్వాత ఆయన గొంతులో ప్రాణం వినిపించింది.

"సున్నా మరదలా. బండిలో ఏ మూల పెట్టినా మీటరు సున్నా చూపిస్తోంది. ఇక మీ అక్కకి తగ్గిపోతుంది."

ఆ మధ్యాహ్నం వాన. కర్టెన్లు మళ్ళీ కడదామని ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళాను. బావ గోనెపట్టా కప్పుకుని బండి పైకెక్కి ఉన్నాడు. కొత్తగా మూసిన చోట వేళ్ళతో తడుముతున్నాడు. నన్ను చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"లోపలికెళ్ళి కప్పు చూడు మరదలా, చుక్క పడుతోందేమో. మీ అక్క పడుకుంది, లేపకు. చలేస్తోందంటే హీటరు పెంచాను."

తలుపు లాగి లోపలికెళ్ళాను. వెచ్చగా ఉంది. ఏ వాసనా లేదు. బల్ల మీద మీటరు సున్నా చూపిస్తోంది. కప్పు పొడిగా ఉంది. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. బుగ్గలు ఎర్రబడి, ఎన్నాళ్ళకో తేరుకున్న మనిషిలా కనిపించింది. ఆ రంగు చూసి నాకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని నేను ఇప్పటికీ క్షమించలేను. దుప్పటి సర్దుదామని ఆమె చేయి ఎత్తితే, వదిలేయగానే ధబ్బున పడిపోయింది. "అక్కా" అన్నాను. ఇంకోసారి అన్నాను. నా తల తిరిగింది, మోకాళ్ళు వంగిపోయాయి.

పైనుంచి రేకు మీద తట్టిన చప్పుడు, దాని వెంట బావ గొంతు వినిపించాయి.

"చుక్క పడుతోందా?"

నేను గుమ్మంలోకి పాక్కుంటూ వచ్చి అరిచాను. ఆయన పైనుంచి దూకి, అక్కని రెండు చేతులా ఎత్తుకుని వానలోకి తెచ్చాడు. బురదలో కూర్చుని ఆమె ముఖం మీద వాన పడనిచ్చాడు. బతుకంతా చుక్క నీటికి అడ్డుపడ్డ మనిషి, ఆ నీళ్ళకైనా ఆమె కళ్ళు తెరుస్తుందేమోనని చూశాడు.

అంబులెన్సులో వచ్చినతని దగ్గరున్న పరికరం తలుపు దగ్గరే మోగింది. "ఎవరూ లోపలికి వెళ్ళకండి" అని, "మీ బండిలో అలారం లేదా?" అని అడిగాడు. బావ లేచి, పనిముట్ల పెట్టె తెరిచి, వెండిరేకు విప్పి ఆ తెల్ల డబ్బా అతని చేతిలో పెట్టాడు. అతను దాన్ని ఒకసారి తిప్పి చూసి బండి మెట్టు మీద పెట్టాడు. తిట్టినా బాగుండేది. తర్వాత హీటరు విప్పినవాళ్ళు గొట్టం అతుకు చూపించారు. గమ్ము నల్లగా మాడి, వేలితో తాకితే పొడిలా రాలింది. రంగూ వాసనా లేని ఆ విషవాయువు ఆ సందులోంచే, దిండుకి జానెడు దూరంలోంచి వచ్చింది. మీటరాయన ఆసుపత్రికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాలేక వెళ్ళిపోయాడు.

అక్క బతికింది. బతికిందని అందరూ అంటారు కనుక నేనూ అంటాను. ఇప్పుడు ఇద్దరూ మా ఇంట్లోనే ఉంటారు. అన్నం తినిపిస్తే తింటుంది, పిలిస్తే పలుకుతుంది. మాట మాత్రం నిలవదు. ఊళ్ళ పేర్లన్నీ వరసగా అప్పజెబుతుంది గానీ ఆ ఎండాకాలం తాను వాటిని చూసిన సంగతి ఆమెలో లేదు. "ఎప్పుడు తీసుకెళ్తావయ్యా?" అని అడుగుతుంది. అది విన్నప్పుడల్లా బావ పెరట్లోకి వెళ్ళి నిలబడతాడు.

ఎంత చలైనా ఆయన మా ఇంట్లో ఒక్క కిటికీ మూయనివ్వడు. తలుపు కింద సందుకి నేను గుడ్డ పెడితే తీసి పారేస్తాడు. గాలి రివ్వున కొడుతుంది. అక్క దుప్పట్లో ముడుచుకుని వణుకుతుంది.

"చలేస్తోందయ్యా. ఆ హీటరు వేయవా?"

"వేశాను" అంటూ ఆయన ఇంకో దుప్పటి కప్పుతాడు.

నేను ఒకసారి చూడలేక, పక్కింటివాళ్ళది కరెంటు హీటరు అడిగి తెస్తానన్నాను. బావ నోరు విప్పేలోపే అక్క తల అడ్డంగా ఊపింది.

"ఎవరిదో ఎందుకే? వాళ్ళు ఎలా బిగించారో ఏమో" అని బావ చేయి పట్టుకుంది. "నువ్వు బిగించిందే వేయి."