ముగ్గుపిండి కాలనీ

షావుకారు అచ్చయ్యకు లేని గోడలు కనపడతాయి. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మిగతా విషయాల్లో నల్లగట్టుపాలెంలో అంత తిన్నని మనిషి లేడు. పప్పులో రాళ్ళు కలపడు, తూకంలో వేలు పెట్టడు, ఒకరి మీద ఇంకొకరికి చాడీలు చెప్పడు. కానీ ఆయన కొట్టుకు ఉప్పు కోసం వెళ్ళాలంటే, ముందు వాకిట్లో ముగ్గుపిండితో గీసిన కాలనీ దాటాలి. వీధులు పట్టుకుని, మలుపులు తిరిగి, ఎవరి ఇల్లూ తొక్కకుండా రావాలి. తొక్కితే ఉప్పు లేదు.

"ఏవయ్యా, స్తెఫను వంటింట్లోంచి వస్తున్నావేంటి? అక్కడ వాళ్ళావిడ గంజి వారుస్తుంటే కాళ్ళ మీద పడదూ?"

"ఏ వంటిల్లండీ? ఇక్కడ మట్టి తప్ప ఏముందండీ?"

"వెనక్కెళ్ళు. గుమ్మం అటుంది. వీధిలోంచి రా."

కొత్తవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. పాతవాళ్ళు గొణుక్కుంటూ తిరిగొచ్చేవాళ్ళు. నందిగామ నుంచి సరుకు తెచ్చే ఆటో అబ్బాయి పంచదార బస్తా భుజాన వేసుకుని, ఆ చీమలు తిరిగే సందుల్లో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంటే చూడ్డానికి బడిపిల్లలు చేరేవాళ్ళు.

ఆయన భార్య రత్నమణికి మాత్రం తల కొట్టేసినట్టుండేది. పొద్దున్నే మొగుడు పంచె ఎగ్గట్టి, గొంతుక్కూర్చుని ముగ్గు వేస్తుంటే ఏ ఇల్లాలు సంతోషిస్తుంది? కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ వాకిలి ఆమెది. చుక్కలు పెట్టి మెలికలు తిప్పితే వీధంతా ఆగి చూసేది. ఇప్పుడు ఆమె ముగ్గుకు మెట్టు మీద జానెడు చోటు మిగిలింది.

"ఏవండీ, ఇంకా ఎన్నాళ్ళిది?"

"కాలనీ వచ్చేదాకా."

"రాకపోతే?"

"ముగ్గుపిండికి కరువొచ్చిందా ఏంటి?"

దీనికంతటికీ మూలం సర్కారువారి సరదా. తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. ఊరు ముందుముందు ఎలా ఉండాలో ఊరివాళ్ళే గీసుకోవాలని ఒక కార్యక్రమం పెట్టారు. మండలాఫీసు నుంచి ఒక అధికారి జీపులో దిగాడు. కాగితం, పెన్ను అంటే ఆడవాళ్ళు వెనక్కి పోతారని ముగ్గుపిండి, ఇటుకపొడి, చింతపిక్కలు తెప్పించాడు. చదునుగా ఉన్న చోటు కోసం వెతికితే అచ్చయ్య కొట్టు ముందు వాకిలి దొరికింది.

ఊళ్ళో ఇళ్ళు లేనిది హైవే పక్క గుడిసెలవాళ్ళకి. తొమ్మిదో నంబరు రోడ్డుకూ రైతుల కంచెలకూ నడుమ సందులో బతికేవాళ్ళు. లారీ పోతే పొయ్యి మీద గిన్నె కదిలేది. కూలికి పోయేటప్పుడు తల్లులు చంటిపిల్లల్ని చీరముక్కతో మంచానికి కట్టేసి పోయేవాళ్ళు. అయినా ఏటా ఎవరో ఒకరు ఆ రోడ్డు మీద పోయేవాళ్ళు. మేక పోయినా మనిషి పోయినా ఊళ్ళో ఒకటే మాట అనేవాళ్ళు, లారీ కింద పడిందని. ఆ మాట అనేసి మళ్ళీ అన్నం కలుపుకునేవాళ్ళు. అంతగా అలవాటైపోయింది.

ఊరికి ఎగువన మిట్ట మీద పోరంబోకు భూమి ఉంది. కాలనీ అక్కడ రావాలని అందరూ అన్నారు. మొదటి ఇల్లు గీసింది బసవమ్మ. చెయ్యి వణక్కుండా నాలుగు గోడలు లాగి, గుమ్మం రోడ్డుకు అవతలి వైపు పెట్టింది.

"అదేంటమ్మా, గుమ్మం రోడ్డు వైపు పెట్టుకోవా?" అని అధికారి అడిగాడు.

"పుట్టిన కాణ్ణుంచీ ఆటి మొహాలే చూత్తన్నానయ్యా. ఇంక లారీలకి నా ఈపు చూపిత్తా."

అందరూ నవ్వారు. నవ్వుతూనే ప్రతి ఆడమనిషీ తన గుమ్మం అటే తిప్పుకుంది. తర్వాత ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చింతపిక్కలు పెట్టారు. బసవమ్మ తనకొకటి, కొడుక్కొకటి, తల్లిలేని మనవరాలు నాగశ్రీకి ఒకటి పెట్టింది. అధికారి చప్పట్లు కొట్టి, ఫొటో తీయించి, వేసవికల్లా పట్టాలిస్తామని చెప్పి జీపెక్కాడు. డ్రైవరు జీపును వెనక్కి పోనిచ్చి కాలనీ మీద నుంచే తిప్పాడు.

"ఆపండి! ఆపండయ్యా! ఇళ్ళల్లో మనుషులున్నారు!" అంటూ అచ్చయ్య వెంటపడ్డాడు.

జీపు ఆగలేదు. ఆయన ఆ దుమ్ములో కూర్చుని చింతపిక్కలు ఏరి, ఎవరివి వాళ్ళ ఇంట్లో సర్ది, చెరిగిన గోడలు మళ్ళీ గీశాడు. జబ్బు పట్టుకున్నది ఆ రోజే.

ఆ తర్వాత వాన కురిస్తే కాలనీ కొట్టుకుపోయేది. వెలిసిన వెంటనే మళ్ళీ కట్టేవాడు. ఒకసారి ఎవరిదో పుంజు వచ్చి స్తెఫను కుటుంబాన్నంతా మింగేసింది.

"స్తెఫనూ, ఘోరం జరిగిపోయిందిరా!"

సిమెంటు లారీలకు బస్తాలు మోసి వస్తున్న స్తెఫను గుండె పట్టుకున్నాడు. సంగతి తెలిశాక, "పోనీలెండి షావుకారుగారూ, ఈ యేడు లారీకి మిగిలాం, కోడికి పోయాం" అన్నాడు.

అచ్చయ్యకు మాత్రం నవ్వు రాలేదు. కొత్త పిక్కలు పెట్టి ఆ పుంజును కర్ర పుచ్చుకుని ఊరి చివరిదాకా తరిమాడు.

బిడ్డ పుడితే తల్లులు ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి పిక్క పెట్టించుకునేవాళ్ళు. ఎవరన్నా పోతే ఆయనే ఆ పిక్క తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఉతికేటప్పుడు జేబులో పిక్క చేతికి తగిలితే, రోడ్డు మీద మళ్ళీ ఎవరో పోయారని రత్నమణికి తెలిసేది. ఆమె దాన్ని పారేయలేక, దాచుకోలేక, ఒక్క నిమిషం అలాగే పట్టుకుని పెరట్లో పాతేసేది.

వేసవి వచ్చింది, పోయింది. పట్టాలు రాలేదు.

మంచు దట్టంగా పట్టిన ఒక తెల్లవారుజామున నాగశ్రీ టీపొడి కోసం వచ్చింది. పదేళ్ళ పిల్ల. పొట్లం తీసుకుని కాలనీ మీంచి గెంతుతూ పోబోయింది.

"అమ్మాయీ, గోడలు దూకుతావేంటి? చుట్టూ తిరిగెళ్ళు."

"తాతా, మా నాయనమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టేసింది!"

"మరుగుతాయిలే. వీధిలోంచి వెళ్ళు."

పిల్ల మూతి ముడుచుకుని వెనక్కి తిరిగింది. రెండో మలుపులో ఉండగా రోడ్డు మీద పెద్ద చప్పుడైంది. మంచులో దారి తప్పిన లారీ గుడిసె మీదికెక్కింది. బసవమ్మా, కొడుకూ అందులోనే ఉన్నారు. చుట్టూ తిరగడం వల్ల ఆ పిల్ల అక్కడికి చేరలేదు.

ఆ రాత్రి అచ్చయ్య చొక్కా జేబులో రెండు పిక్కలు దొరికాయి. ఇక ఈయన ముగ్గు జోలికి పోడని రత్నమణి అనుకుంది. ఏడుస్తాడేమో అని కూడా చూసింది. ఆయన ఏడవలేదు. దినకర్మ అయినా కాకముందే ఆ ఖాళీ అయిన ఇంటి గడి తమకిమ్మని నలుగురు వచ్చి వాకిట్లో కొట్టుకున్నారు. అచ్చయ్య లోపలికి వెళ్ళి, రత్నమణి జంతికల డబ్బా తెచ్చి, బసవమ్మ ఇంటి మీద బోర్లించాడు.

"ఇది నా కొట్టు. కాలనీ పడితే ఇక్కడ బ్రాంచి పెడతా. ఇంకెవరూ అడగొద్దు."

జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. స్తెఫనుకు కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఆ తల్లి నెత్తురింకా ఆరలేదండీ. అప్పుడే జాగా మింగేత్తారా?"

"కాలనీకి కొట్టొద్దా? వ్యాపారం వ్యాపారమే" అన్నాడు అచ్చయ్య, స్తెఫను మొహం చూడకుండా.

ఊరంతా దుమ్మెత్తిపోసింది. ఆయన్ను ఎదిరించి ఆ గడి అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. రత్నమణి ఇంట్లో దులిపేసింది.

"సిగ్గు లేదా మీకు? తల్లీ తండ్రీ లేని పిల్ల చోటు!"

"పదేళ్ళ పిల్ల పేరున పట్టా ఇస్తారా? ఎవరో ఒకరికి పోయేదే. మనకొస్తే నీకేం కష్టం?"

"అయితే నా జంతికల డబ్బా ఇచ్చేయండి."

"కొట్టు కూల్చేయమంటావా?"

రత్నమణికి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే ఆయన ఎవరూ లేనప్పుడు ఆ డబ్బా కాస్త ఎత్తి, గల్లాపెట్టె చూసుకున్నట్టు లోపలికి తొంగిచూడటం కంటబడితే ఇంకా మండేది. లేని కొట్టులో లేని లాభాలు లెక్కపెట్టుకుంటున్నాడని పళ్ళు నూరేది. నాగశ్రీ నందిగామ హాస్టల్లో చేరింది. సెలవులకు స్తెఫను గుడిసెకు వచ్చినప్పుడల్లా రత్నమణి ఆ పిల్లను పిలిచి కడుపునిండా అన్నం పెట్టేది. మొగుడి పాపంలో కొంతైనా కడగాలని ఆమె ఆశ.

ఏళ్ళు గడిచాయి. అధికారులు మారారు, సర్కారు మారింది. గుడిసెలు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. రత్నమణి పెరట్లో పాతిన పిక్కల్లో ఒకటి మొలిచి, ఆమె నడుమెత్తు పెరిగింది. దాన్ని చూసినప్పుడల్లా ఇది ఎవరో అనుకునేది.

చివరికి హైవే వెడల్పు చేస్తారని కబురొచ్చింది. గుడిసెలు తీసేయాలి. ఆ జనాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఉషశ్రీ అనే కొత్త తహశీల్దారు వచ్చింది. సర్పంచి భవానీప్రసాద్ అప్పటికే మిట్ట మీద గోడౌను కట్టించాలని చూస్తున్నాడు. అందుకని కాలనీకి వాగు పక్క పల్లం చూపించాడు. కార్తీకంలో కూడా మోకాలిలోతు నీళ్ళుండే చోటది.

"ఇదివరకు గ్రామసభలో ఏదో అనుకున్నారటగా?" అని ఆమె అడిగింది.

"అదేం లేదు మేడమ్. మా షావుకారు గీసుకునే పిచ్చిముగ్గు ఒకటుంది. చూస్తే నవ్వుకుంటారు, రండి."

గుడిసెలవాళ్ళంతా వాకిలి చుట్టూ చేరారు. ఉషశ్రీ నేరుగా ముందుకు అడుగేయబోయింది.

"మేడమ్, అది గోడండీ!" అని వందమంది ఒక్క గొంతుతో అరిచారు.

ఆమె ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకుంది. ఇది మిట్ట మీదికని గీసుకున్న కాలనీ అని స్తెఫను చెబితే, ఆ గీతల్ని చూసి, "ఎవరి ఇంట్లో వాళ్ళు నిలబడండి" అంది.

చెప్పినంతసేపు పట్టలేదు. ఎవరూ ఎవర్నీ అడగలేదు, ఒకరినొకరు తోసుకోలేదు. వీధుల్లోంచి నడిచి, గుమ్మాల్లోంచి లోపలికెళ్ళి ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. స్తెఫను భార్య అయితే ద్వారబంధం తగులుతుందన్నట్టు తల కూడా వంచింది. రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డ ఆ జనాన్ని ఉషశ్రీ ఒక్కో ఇల్లే చూసుకుంటూ వచ్చింది.

భవానీప్రసాద్ మొహం మాడింది. డబ్బా వైపు వేలు చూపించాడు.

"ఇది కూడా చూడండి మేడమ్. పేదల కాలనీలో షావుకారి కొట్టు! ఇందుకే ఈ నాటకమంతా. ఇలాంటి ప్లాను ఎలా ఒప్పుకుంటారు?"

జనం తలలు దించుకున్నారు. ఆ ఒక్క డబ్బా వల్ల అందరూ వాగులోకి పోవాల్సి వచ్చేట్టుంది. రత్నమణికి భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"అచ్చయ్యగారూ, మీకు ఇల్లుంది, కొట్టుంది. ఇదేంటండీ?" అని ఉషశ్రీ కటువుగానే అడిగింది.

అచ్చయ్య గుంపులో చివర నిలబడ్డ నాగశ్రీ వైపు తిరిగాడు. ఆ పిల్లకు నిలబడటానికి ఇల్లు లేదు.

"అమ్మాయీ, నీకు పద్దెనిమిది నిండినయ్యా?"

"మొన్న నిండినయ్ తాతా."

"రత్నం, ఆ డబ్బా తియ్యి."

రత్నమణి వీధిలోంచి నడిచి వెళ్ళి డబ్బా ఎత్తింది. కింద బసవమ్మ గీసినట్టే నాలుగు గోడలున్నాయి. గుమ్మం రోడ్డుకు అవతలి వైపుంది. లోపల ఒకే ఒక్క చింతపిక్క ఉంది.

"నీ ఇల్లే. వెళ్ళి నిలబడు" అన్నాడు అచ్చయ్య. "అటు కాదు, గుమ్మంలోంచి."

స్తెఫను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఉషశ్రీ మిట్టకే పట్టాలు రాస్తానని అక్కడికక్కడే చెప్పింది. రత్నమణికి మాత్రం ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఇన్నేళ్ళు నాక్కూడా చెప్పకపోతే ఎట్లాగండీ? ఊరితో పాటు నేనూ మిమ్మల్ని తిట్టుకున్నాగా!"

"నీకు చెప్తే ఊరికి చెప్పినట్టేగా. ఆ గడి కోసం మళ్ళీ ఆ నలుగురూ వచ్చేవాళ్ళు."

ఆ మాటలో అబద్ధం లేదు మరి.

మిట్ట మీద పునాదులు లేచాయి. నాగశ్రీ ఇంటికి గుమ్మం ఎత్తే రోజున రత్నమణి సొట్టలు పోయిన ఆ డబ్బాను చింతపండుతో తోమి, నిండా జంతికలు పోసుకుని బయల్దేరింది. అచ్చయ్య ముందు నడుస్తున్నాడు. పంచె కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, చిన్నపిల్లాడిలా మురిసిపోతూ, మోకాలెత్తు గోడ మీంచి అవతలికి కాలు వేయబోయాడు.

"ఏవండీ!" రత్నమణి కేక మిట్టంతా వినపడింది. "గోడలోంచి నడుస్తారేంటి? గుమ్మం అటుంది!"

అచ్చయ్య గతుక్కుమని కాలు వెనక్కి తీసుకుని, బుద్ధిగా చుట్టూ తిరిగి వెళ్ళాడు.