కోటింగ్ ఆరేదాకా

మా ఇంటికి కారు వచ్చినప్పటి నుంచి మా ఆయన ఆఫీసుకి మోటారు సైకిల్ మీదే వెళ్తున్నారు. అంతకుముందు కూడా దాని మీదే వెళ్ళేవారు కానీ, అప్పుడు కారు లేదు. ఇప్పుడు ఏడుగురు పట్టే పెద్ద బండి, మా సందు మలుపులో ఒక్క పట్టున తిరగనిది, వాకిట్లో నిలబడి ఉంటే ఈయన హెల్మెట్ పెట్టుకుని నల్లపాడు అవతల నుంచి మంగళగిరి దాకా ఎండలో పోతారు. ఎందుకండీ అని అడిగాను. "రోజూ తిప్పితే అరిగిపోదూ?" అన్నారు. కారు అరగకూడదు. మనిషి అరిగినా పరవాలేదు.

కొనేటప్పుడు చెప్పిన కారణం మాత్రం మా అత్తగారు. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి, బస్సు మెట్లు ఎక్కలేరు. అమ్మని ఎక్కడికైనా సుఖంగా తీసుకెళ్ళాలండీ అని షోరూంలో మా ఆయన చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. అయితే ఎత్తు తక్కువ కారు తీసుకోవచ్చుగా అన్నాను. పెద్ద బండికి రోడ్డు మీద గౌరవం ఉంటుందన్నారు. ఆ విధంగా మోకాళ్ళ నొప్పుల మనిషి కోసం, నేను కూడా ఎగిరి ఎక్కాల్సిన బండి కొన్నారు. తర్వాత తప్పు తెలుసుకుని దానికి పక్క మెట్టు బిగించారు. ఆ మెట్టు మీద చెప్పులతో కాలు పెట్టొద్దని మా పిల్లలిద్దరికీ చెప్పారు. గీతలు పడతాయట.

ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య ఆయనది. బోరు పైపుకి ప్రెషర్ పంపు తగిలించారు. ఆదివారం పొద్దున్నే కారు మొత్తం నురగలో మునిగి ఉంటుంది, ఈయన లుంగీ ఎగగట్టి దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తూ ఉంటారు. తుడిచే గుడ్డలు మూడు రకాలు. పసుపువి అద్దాలకి, నీలివి బాడీకి, బూడిద రంగువి చక్రాలకి. ఒకసారి తెలియక నీలి గుడ్డతో పొయ్యి గట్టు తుడిచాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన తరఫు వాళ్ళని నేను ఏదన్నా అన్నా అంత బాధ కలగదు ఆయనకి.

దిష్టి తగలకుండా అత్తగారు బంపరుకి నిమ్మకాయా, పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ కట్టారు. వీధిలో ఏ కొత్త బండికైనా కట్టేదే. సాయంత్రానికి చూస్తే ఆ దండ పాలిథిన్ సంచిలో మూట కట్టి ఉంది. నిమ్మరసం కారితే పెయింటు మీద మరక పడుతుందని మా ఆయన దిష్టికి కూడా కవరు తొడిగారు. అత్తగారు దాని వంక చూసి, "ఏమోనమ్మా, దిష్టికి లోపలికి దారి ఉండాలిగా" అని ఊరుకున్నారు.

అది మిర్చి కల్లాల రోజులు. మా వాకిలి పెద్దదే. సగం కారుది, సగం మిరపకాయలది. పొలం నుంచి వచ్చిన కాయలు పట్టాల మీద ఎర్రగా పరుచుకుని ఆరుతుంటాయి, అత్తగారు పొద్దస్తమానం వాటి మధ్యనే. చీర కుచ్చెళ్ళ నిండా ఎర్రటి దుమ్ము. మా ఆయన ఎప్పుడూ అమ్మని కారు దగ్గరికి రావద్దనలేదు, అంత మాట ఆయన నోటి వెంట రాదు. కానీ ఆవిడ ఆ వైపు నడిచినప్పుడల్లా ఆయన చేతిలోకి గుడ్డ వచ్చేది. అత్తగారు గమనించారు. ఇంట్లోకి రావాలంటే కారుకి దూరంగా, గోడవారగా చుట్టూ తిరిగి వచ్చేవారు. కారు వచ్చి మూడు నెలలైనా ఆవిడ అందులో కూర్చున్నది గుడికి వెళ్ళి పూజ చేయించిన రోజు ఒక్కటే.

ఇంతలో దాచేపల్లిలో ఉండే ఆవిడ తమ్ముడు బాత్రూంలో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి పడుకోబెట్టారు. అక్కా తమ్ముళ్ళు ఇద్దరే. తల్లి చిన్నప్పుడే పోతే ఆ తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఈవిడే. కబురు తెలిసిన రోజే కొడుకుని అడిగారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఒకసారి మావయ్యని చూసొద్దామా?"

"వెళ్దాం అమ్మా. నిన్ననే సిరామిక్ కోటింగ్ వేశాను. వారం దాకా నీళ్ళు గానీ దుమ్ము గానీ తగలకూడదు. అది ఆరనీ."

కోటింగంటే పెయింటు మీద పూసే మెరుగు మందు. బజార్లో వేయిస్తే సరిగ్గా వెయ్యరని ఈయనే చిన్న స్పాంజితో, జానెడు జానెడు చొప్పున రెండు రోజులు కూర్చుని పూశారు. పెళ్ళిలో నాకు పారాణి కూడా అంత శ్రద్ధగా పెట్టలేదు ఎవరూ. వారం గడిచింది. అత్తగారు మళ్ళీ అడిగారు. ఈసారి మా ఆయన కొంచెం నసిగారు. దాచేపల్లి వైపు సిమెంటు లారీలు తిరుగుతాయనీ, ఆ తెల్ల దుమ్ము కొత్త కోటింగ్ మీద పడి, పైన నాలుగు చినుకులు పడితే గట్టిపడి వదలదనీ, ఇంకో పొర వేశాక వెళ్దామనీ అన్నారు. ఇంకో పొర వేశారు. దానికి ఇంకో వారం. మూడోసారి అడిగినప్పుడు చక్రాలు విప్పి ఉన్నాయి.

నాలుగోసారి ఆవిడ అడగలేదు. "ఇవాళ్టికి అయిపోయిందా నాయనా, దాని పని?" అనేవారు అంతే, అన్నం వడ్డిస్తూ. ఆయనకి అది అడగడం అని తెలియలేదు. కారు మీద అమ్మకి శ్రద్ధ కలిగిందని సంతోషపడి, టైర్లకి నల్ల మెరుగు ఎలా పడుతుందో వివరంగా చెప్పేవారు. ఒక మధ్యాహ్నం అత్తగారు ఫోన్లో తమ్ముడితో అంటుంటే విన్నాను. "వస్తాన్రా. కల్లం పని తెమలడం లేదు. నువ్వు ఊరికే కంగారుపడి లేవకు." కల్లం పని నేనూ కూలీలూ చూసుకోగలమని ఆవిడకి తెలుసు.

చివరికి ప్రయాణం కుదిరింది. మావయ్య వల్ల కాదు, బ్యాటరీ వల్ల. బండిని ఊరికే నిలబెట్టకుండా అప్పుడప్పుడు ఆపకుండా రెండు గంటలు నడిపితే బ్యాటరీకి మంచిదని ఏదో వీడియోలో చెప్పారు. దాచేపల్లి సరిగ్గా రెండు గంటలు. "ఆదివారం వెళ్దాం అమ్మా" అన్నారు మా ఆయన. అత్తగారు శనివారం పొద్దుటికే సంచి సర్దేశారు. గోంగూర పచ్చడి, జంతికలు, తమ్ముడి కాళ్ళకి రాయడానికి గానుగ నువ్వుల నూనె సీసా.

ఆ శనివారమే మా ఆయన చేసిన ఘనకార్యం ఉంది. దూరం వెళ్తున్నాం కదా, లోపల గాలి శుభ్రంగా ఉండాలని, డ్యాష్‌బోర్డు సొరుగు ఊడదీసి దాని వెనకున్న ఏసీ ఫిల్టర్ బయటికి లాగారు. మడతలు మడతలుగా ఉండే కాగితం పలక అది. షాంపూ పెట్టి కడిగారు. ఆరబెట్టాలి. డాబా మీద పావురాలున్నాయి, వసారాలో ఎండ లేదు. మా ఇంట్లో ఏది ఆరాలన్నా కల్లమే. వడియాలు అక్కడే, చింతపండు అక్కడే. ఈయన కూడా పట్టా చివర కాస్త చోటు ఊడ్చి, మిరపకాయల పక్కన ఫిల్టర్ పెట్టి, గంటకోసారి వచ్చి అటూ ఇటూ తిప్పారు. మధ్యాహ్నం కూలీలు కాయలు తిరగేశారు. రోజూ లేచే దుమ్మే లేచింది. సాయంత్రం ఫిల్టర్ తీసి, దులిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఏ వాసనా లేదు, భేషుగ్గా ఉంది" అన్నారు. మిరప కల్లంలో పుట్టి పెరిగిన ముక్కు అది. దానికి ఏ వాసన తెలుస్తుంది?

ఆదివారం బయల్దేరాం. అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మెట్టు మీద ఒట్టి కాలు పెట్టి ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు. సీటుకి వీపు ఆనించలేదు. పిల్లలు వెనక. పొద్దుటి చల్లగాలికి కాసేపు అద్దాలు దించుకునే వెళ్ళాం. సత్తెనపల్లి ఇంకా రాకముందే ఎండెక్కింది. మా ఆయన అద్దాలన్నీ మూసి, "ఇప్పుడు చూడండి, కొండ మీద గాలిలా ఉంటుంది" అని ఏసీ చివరిదాకా తిప్పారు.

ముందు చిన్నది తుమ్మింది. తర్వాత పెద్దాడు. తర్వాత నాకు గొంతులో ఎవరో కారం పోసినట్టయింది. అర నిమిషంలో అందరం దగ్గులే. మా ఆయన దగ్గుతూనే, "బయట ఏదో పొగలా ఉంది" అని ఏసీ ఇంకాస్త పెంచబోయారు, అప్పటికే చివర్లో ఉంది. కళ్ళ నీళ్ళు కారుతుంటే అద్దాలు దించమని నేను అరిచాను. ఆయన బండి పక్కకి ఆపి, అనుమానం వచ్చి, సొరుగు ఊడదీసి ఫిల్టర్ లాగారు. మడతల్లోంచి ఎర్రటి పొడి, రెండు మిరప గింజలు ఒళ్ళో పడ్డాయి. ఆ చేత్తోనే కళ్ళు నలుపుకున్నారు.

అప్పుడు మా అత్తగారు దిగారు. అంతసేపూ ఆవిడ రెండుసార్లు గొంతు సవరించుకున్నారు, అంతే. కొడుకుని కిందికి దించి, సీసా నీళ్ళు కళ్ళ మీద చల్లి, "నలపకు. రెప్పలాడించు" అన్నారు. తమ్ముడి కోసం తెచ్చిన నూనె వొంపి కొడుకు వేళ్ళకి రాసి, కొంగుతో తుడిచి, ఆ తర్వాత కడిగించారు. మిరప పొడికి ముందు నూనె, తర్వాత నీళ్ళు. కాయలు ఏరే ఆడవాళ్ళందరికీ తెలిసిన వరస అది, ఏ వీడియోలోనూ లేదు.

కళ్ళు తెరవగలిగాక మా ఆయన చూసింది సీట్లని. ఎర్ర పొడి పడి ఉంది.

"ఇంక వెనక్కి వెళ్ళిపోదాం అమ్మా. గాలి గొట్టాలన్నీ కడగాలి. వచ్చే వారం తప్పకుండా వద్దాం."

అత్తగారు తలుపు తెరిచి సంచి తీసుకున్నారు, చెప్పులు కింద పడేసి తొడుక్కున్నారు.

"నువ్వెళ్ళి కడుక్కో నాయనా. నేను బస్సెక్కుతా."

"బస్సా? మోకాళ్ళేమవుతాయి?"

"మోకాళ్ళు నావేగా. నేను చూసుకుంటాను."

ఆ గొంతులో కోపం లేదు. వెనక నుంచి పిడుగురాళ్ళ వెళ్ళే బస్సు వస్తుంటే రోడ్డు అంచుకి వెళ్ళి చెయ్యెత్తారు. అక్కడ స్టాపు లేదు, బస్సు ఆగకుండా పోయింది. ఆవిడ చెయ్యి దించి, ఇంకో బస్సు కోసం అటే చూస్తూ నిలబడ్డారు. నాకు సిగ్గేసింది. నెల రోజులు మా ఆయన్ని ఆటపట్టించి, వీధి వీధంతా నవ్వేలా కథలు చెప్పాను. ఒక్కసారైనా రేపు అత్తయ్యని తీసుకెళ్ళండి అని గట్టిగా అనలేదు. నా హాస్యం నాకు సరిపోయింది.

మా ఆయన ఫిల్టర్ని అలాగే డిక్కీలో పడేశారు. "ఎక్కమ్మా. వెళ్దాం" అన్నారు. చెప్పులు విప్పబోతే, "చెప్పులతోనే ఎక్కు" అన్నారు.

ఏసీ లేదు, అద్దాలన్నీ దించేశాం. ఎండా దుమ్మూ కలిసి మొహాన కొట్టాయి. పిడుగురాళ్ళ దాటాక లారీల వెనక తెల్ల దుమ్ము మొదలైంది. లోపల ఎరుపు, బయట తెలుపు. రెండు పొరల కోటింగ్ కళ్ళ ముందు మాసిపోతుంటే ఆయన వైపర్ కూడా వెయ్యలేదు.

అత్తగారి తమ్ముడు నడవాలో, వీధి కనబడేలా మంచం వేయించుకుని పడుకుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. అక్కని చూసి లేవబోతే ఆవిడ భుజం పట్టుకుని ఆపారు. మంచం పట్టె మీద కూర్చుని అతని తల నిమురుతూ, అతను అడక్కముందే సంజాయిషీ మొదలుపెట్టారు.

"నాదేరా తప్పు. వీడు రోజూ వెళ్దాం వెళ్దాం అని ప్రాణం తీశాడు. నాకే కల్లం పని తెమల్లేదు."

నేను గుమ్మం దగ్గరున్నాను. మా ఆయన ఎర్రబడ్డ కళ్ళతో తల దించుకున్నారు. సర్దుకుపోతారులే అనుకున్నాను, అమ్మ ఇచ్చిన దారి ఉంది కదా. కానీ ఆయన మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"అమ్మ చెప్పేది అబద్ధం మావయ్యా. అమ్మ నాలుగు వారాల నుంచి అడుగుతోంది. కారు పాడవుతుందని నేనే తీసుకురాలేదు."

అత్తగారు తమ్ముడి దుప్పటి మడత సరిచేస్తూ కూర్చున్నారు. అతను మేనల్లుడి వంక చూశాడు, గుమ్మంలోంచి వీధిలో ఉన్న కారు వంక చూశాడు. అది ఏ రంగు కారో చెప్పడం కష్టంగా ఉంది.

"ఇప్పుడు పాడయిందా?" అని అడిగాడు.

"అయింది మావయ్యా."

"అయితే ఇంక భయం లేదుగా. వచ్చే ఆదివారం కూడా తీసుకురా మా అక్కని."