అల్లుడు చూడని అత్తగారు

శుక్రవారం పొద్దున రియాద్‌లో బతా బజారు దగ్గర మనవాళ్ళ మెస్సు మెట్లెక్కుతుంటే, నూనెలో పూరీ పడిన చప్పుడు ముందు వినిపిస్తుంది, వాసన తరవాత వస్తుంది. ఆ వాసనకి నాకు గోదావరి జిల్లా గుర్తు రావాలి. రాదు. నేనెన్నడూ కాలు పెట్టని అరిజోనా ఎడారి గుర్తొస్తుంది. నడుముకి వెండి బకిల్ బెల్టు పెట్టుకున్న ఒక పొడుగాటి మనిషి, పూరీని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురుకి పెట్టి చూస్తూ, "ఇది మీకెవరు నేర్పారు?" అని అడగడం గుర్తొస్తుంది. నేను ఏమాత్రం తడుముకోకుండా, "మా తాతగారు కనిపెట్టారు సార్. చపాతీ మీద కోపమొచ్చి ఒకరోజు నూనెలోకి విసిరికొట్టారు," అన్నాను. ఆయన నవ్వలేదు. "మా వాళ్ళకి సైన్యం నేర్పింది," అన్నాడు.

ఆయన పేరు బెన్. ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్‌లో మా షట్‌డౌన్ సూపర్‌వైజరు. షట్‌డౌన్ అంటే రిఫైనరీలో ఒక యూనిట్‌ని ఆపి, విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించి నడిపించే పని. నేను పైప్ ఫిట్టర్లకి ఫోర్‌మన్‌ని. ఆయన వచ్చిన మొదటి వారం క్యాంపులో అందరూ ఆయన్ని ఫిలిప్పీన్స్ మనిషి అనుకున్నారు. స్టోర్‌లో పనిచేసే ఫిలిప్పీనో ఒకడు వాళ్ళ భాషలో క్షేమసమాచారాలు అడిగితే, బెన్ తన భాషలో అంతే మర్యాదగా జవాబిచ్చాడు. ఇద్దరూ తృప్తిగా తలూపుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఇది నేను కల్పించింది కాదు. నేను కల్పించేవి ఇంకా బాగుంటాయి.

ఆయన నవాహో. అమెరికాలో తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఉన్న తెగల్లో ఒకటి. పూర్వం సైన్యం వాళ్ళని సొంత నేల మీంచి తరిమి, నడిపించుకుపోయి, ఎక్కడో కుదేసి, తిండికి గోధుమపిండీ కొవ్వూ ఇచ్చిందట. ఆ రెండిటితో ఆడవాళ్ళు ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి చేసిందే వాళ్ళ వేపుడు రొట్టె. "అంటే రేషను కార్డు వంటకం," అన్నాను. "అంతే. ఇప్పుడు పండగలకి కూడా అదే కావాలంటారు పిల్లలు," అన్నాడు. మా మెస్సులో పూరీ చేసిన రోజు మాత్రం ఆయన సూపర్‌వైజర్ల క్యాంటీనుకి వెళ్ళేవాడు కాదు. మా బల్ల దగ్గరే కూర్చునేవాడు.

బెన్ భార్య అపాచీ. ఆ రెండు తెగల భాషలూ మన తెలుగూ కన్నడమూ లాంటివట. సగం అర్థమవుతుంది, మిగతా సగం మీద దెబ్బలాడుకోవచ్చు. ఎవరి మనుషులు ఎలా బతుకుతున్నారన్నది వాళ్ళింట్లో పెళ్ళి నాటి నుంచీ నడుస్తున్న వాదన. మా బల్ల దగ్గర కూడా అలాంటిదే ఒకటి నడిచేది. నాకూ, నా గదిలో ఉండే కరీంనగర్ మల్లయ్యకీ. మీ కాలవలు, మా కరువు, మీ కొబ్బరిచెట్లు, మా బావులు. ఇంకేం దొరక్కపోతే నేను మా ఊరి గేదెలు ఈతలో బహుమతులు తెచ్చాయని చెప్పేవాణ్ణి. ఒక సాయంత్రం డ్యూటీ దిగి టీ తాగుతూ బెన్‌నే నేరుగా అడిగాను, నవాహోలు బాగా బతుకుతున్నారా, అపాచీలా అని.

"మా అత్తగారి ఊళ్ళో కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి," అన్నాడు. "మా అమ్మ ఇంటికి రావు. మా తమ్ముడు పికప్‌లో పీపాలు వేసుకుని, మట్టిరోడ్డు మీద పోయి తెస్తాడు. నేను పనిచేసిన పవర్ ప్లాంటు నుంచి కరెంటు తీగలు మా అమ్మ ఇంటి మీదుగానే పోయేవి, దూరపు నగరాలకి. కింద మా అమ్మ కిరసనాయిలు దీపం తుడుచుకునేది."

"అయితే అపాచీలే నయం సార్."

"ఆగు. ఆ కొళాయి ఉన్న ఇంట్లో మూడు సంసారాలున్నాయి. పెళ్ళయినవాళ్ళకి వేరే ఇల్లు దొరకదు. మా అమ్మకి గొర్రెలున్నాయి, చూపు ఆనినంత మేర నేలుంది. మా మామ కలప మిల్లులో పనిచేశాడు, మిల్లు మూసేశారు. నేను ప్లాంటులో పనిచేశాను, ప్లాంటు మూసేశారు. అపాచీలకి మంచుకొండ ఉంది. శీతాకాలం బయటివాళ్ళొచ్చి సరదాకి మంచు మీద జారుతారు, మా బావమరుదులు టికెట్లు చించుతారు. వేసవిలో అడవి తగలబడితే ఆర్పడానికి పోతారు. మాకు భూమిలో బొగ్గుంది, యురేనియం ఉంది. మా నాన్న అది తవ్వాడు." తండ్రి గురించి అంతకుమించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మల్లయ్య నా చెవిలో, "అన్నా, గీయన గెలిచిండా ఓడిండా? గిదేం పంచాయితీ?" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్తే బెన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "గెలవడానికి పోల్చేవాడికి సగమే కనిపిస్తుంది. మీ ఊరు గొప్పదని చెప్పే ముందు, ఆ ఊళ్ళో నీళ్ళు మోసేది ఎవరో చూసి రా." మా ఇంట్లో మోసింది మా అక్క. అంత గోదావరి పక్కనుండీ తాగేనీళ్ళకి చెరువు దాకా నడిచేది. గేదెల బహుమతుల్లో ఆ సంగతి నాకెప్పుడూ అడ్డురాలేదు. ఆ సాయంత్రం వచ్చింది.

ఆ టీల దగ్గరే అత్తగారి సంగతి కూడా బయటపడింది. రెండు తెగల్లోనూ పాతపద్ధతి వాళ్ళింట్లో అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు. అది గౌరవం. ఆవిడ వస్తుంటే పిల్లలెవరో ముందొచ్చి చెప్తారు, ఈయన పక్కగదిలోకి పోతాడు. ఒక కారులో ఎక్కరు. ఏమైనా చెప్పాలంటే మధ్యలో కూతురుండాలి. పెళ్ళయి, పిల్ల పుట్టి, ఆ పిల్ల పెద్దదయ్యాక కూడా బెన్‌కి తెలిసిన అత్తగారు ఒక వంట వాసన, గోడవతల ఒక గొంతు. నాకది వింతనిపించలేదు. మా నాన్న వస్తే మా అమ్మమ్మ తలుపు చాటునుంచే మాట్లాడేది. మా నాన్న ఆ తలుపుకే నమస్కారం పెట్టేవాడు.

ఆ ఏడాది బెన్ కూతురికి ఈడొచ్చింది. అపాచీలు దానికి నాలుగు రోజుల పండగ చేస్తారు. పిల్ల పొద్దుటి సూర్యుడికెదురుగా నిలబడి గంటల తరబడి నాట్యం చెయ్యాలి. చుట్టాలంతా చుట్టూ నిలబడి ఆ పిల్లకి బలం ఇవ్వాలి. నెలల ముందు నుంచి ఏర్పాట్లు. వంటల పెత్తనమంతా అత్తగారిదే. తేదీ ఎప్పుడో ఖాయమైంది, దానికి సెలవూ ఖాయమైంది. ఇంతలో మా షట్‌డౌన్ వెనకబడింది, అందరి సెలవులూ రద్దయ్యాయి. బెన్ టీ దగ్గరికి రావడం మానేశాడు, అంతే. "పిల్ల దిక్కు సూస్తుంటది గదా అన్నా, నాయిన ఏడున్నడని," అన్నాడు మల్లయ్య.

గల్ఫ్‌లో మనవాళ్ళకి ఈ జబ్బుకి ఒకటే మందు తెలుసు. ఇంటి దగ్గర ఎవరికో ఒకరికి సీరియస్ అవ్వాలి. అప్పటికి మా నాయనమ్మ నా చేతుల్లో చాలాసార్లు పోయింది, ఒకసారి పిడుగు పడి కూడా. అడగాల్సిన పని లేదనుకుని, బెన్‌కి తెలియకుండా నేనే మేనేజర్ అబూ ఫహద్ గదికి వెళ్ళాను. ఆయన సౌదీ మనిషి, మదీనా వైపు కొండల్లోని తెగ. పెద్దాయన, కోపం తక్కువ, నమ్మకం ఎక్కువ. బెన్ అత్తగారు గుర్రం మీంచి పడిందని, స్పృహ లేదని, అల్లుడు వచ్చి చెయ్యి పట్టుకుంటేనే కళ్ళు తెరుస్తానంటోందని చెప్పాను. స్పృహ లేని మనిషి ఎలా అంటోందని ఆయన అడగలేదు. కళ్ళు తుడుచుకుని ఎమర్జెన్సీ లీవు మంజూరు చేశాడు. దేశం దాటి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం కదిలింది.

మర్నాడు ఆయనే క్యాంటీనుకొచ్చి బెన్ రెండు చేతులూ పట్టుకుని, "దేవుడు మీ అత్తగారికి ఆరోగ్యమివ్వాలి," అన్నాడు. బెన్ ఆయన వెళ్ళేదాకా నిలబడి, తరవాత నా వైపు తిరిగాడు. "ఏం చెప్పావు?" చెప్పాను. గుర్రం దగ్గర ఆయన మొహం మారలేదు. చెయ్యి దగ్గర మారింది.

"ఆవిడ నన్ను చెయ్యి పట్టుకోమందా?"

"కథ ఊపులో వచ్చేసింది సార్. ఇప్పుడు లీవు చేతికొచ్చింది కదా. ఊరికే వెళ్ళిరండి."

"రామ్, అన్న మాట నీ జేబులో ఉండదు. బయటికెళ్ళి తన పని తను చూసుకుంటుంది. అక్కడ ఆవిడ వందలమందికి వండాలి. ఇక్కడ నువ్వు ఆవిడని మంచాన పడేశావు." కుర్చీ వెనక్కి నెట్టాడు. "పద. లేపి కూర్చోబెడదాం."

ఇద్దరం అబూ ఫహద్ గదికి నడిచాం. బెన్ నోరు మూసుకుంటే పిల్ల దగ్గరికి వెళ్తాడు, నోరు విప్పితే వెళ్ళడు. అది ఆయనకి తెలుసు. వెళ్ళి, నిలబడే చెప్పాడు. అత్తగారు బాగుంది, గుర్రం లేదు, కూతురి పండగ ఉంది, నేనక్కడ ఉండాలి. నా పేరెత్తలేదు. అబూ ఫహద్ చాలాసేపు నన్నే చూశాడు. తరవాత బెన్‌కి చిన్న కప్పులో కాఫీ పోసి, "మీది ఏ ఖబీలా?" అని అడిగాడు. ఏ తెగ అని. బెన్ వాళ్ళ పద్ధతిలో చెప్పాడు. అమ్మ వంశం ముందు, నాన్న వంశం తరవాత, ఆ తరవాత తాతలవి.

"అమ్మతో మొదలుపెట్టావేం?"

"మాకు అమ్మనుంచే. నా కూతురు నవాహో కాదు, తల్లి తెగ. ఆ ఇంట్లో నేను చుట్టాన్ని. చుట్టం కాబట్టే తప్పకుండా వెళ్ళాలి."

"మరి అత్తగారు?"

"ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు."

అబూ ఫహద్ కప్పు కింద పెట్టి, గడ్డం ఊగేలా నవ్వాడు. "మా అల్లుళ్ళు వారానికి మూడుసార్లు భోజనానికొస్తారు. ఈ పద్ధతి మా ఆవిడకి చెప్తాను." నవ్వు అయిపోయాక కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఎమర్జెన్సీ లేదు, కాబట్టి ఎమర్జెన్సీ లీవు లేదు." దాన్ని కొట్టేశాడు. ఆ తరవాత నన్ను అడిగాడు. "పండగ లోపల మీరు విప్పిన వెసల్ ట్యాంకులన్నీ మూసి అప్పగించగలరా? మూస్తే, యూనిట్ మొదలయ్యేలోగా తిరిగొచ్చేలా మామూలు లీవిస్తాను."

"అప్పగిస్తాం సార్."

"ఇది కూడా కథేనా?"

"కాదు," అన్నాను. ఒక్క మాట. వెనకాల గేదెలూ లేవు, గుర్రమూ లేదు. నా జన్మలో అంత పొట్టిగా నేనేదీ చెప్పలేదు.

మా మనుషులు పని ఎలా చేశారో చెప్తే మీరు నమ్మరు, నేను చెప్పేవి నమ్మకపోవడం మీకు అలవాటై ఉంటుంది కాబట్టి వదిలేస్తాను. మల్లయ్య మాత్రం భోజనానికి కూడా స్పానర్ చేత్తో పట్టుకునే వచ్చేవాడు. చివరి వెసల్ మూత బిగించిన రోజు బెన్ విమానం. పెట్టె సైట్‌కే తెచ్చుకున్నాడు. బోల్టులు బిగించే చివరి ఫ్లాంజి అంచు దగ్గర వంగి, చుట్టూ వేలు తిప్పి, లేచాడు. మూత ఒకవైపు రవ్వంత ఎక్కువ బిగిసింది. ఇంకెవరైనా ఉంటే సంతకం పెట్టి టాక్సీ ఎక్కేవారు. "విప్పండి," అన్నాడు. "కొత్త గాస్కెట్ వెయ్యండి."

"సార్, ఫ్లయిటు."

"ఇది కారితే నేను అక్కడ ఉంటాను. మీరు ఇక్కడ ఉంటారు."

విప్పాం, మార్చాం, సమంగా బిగించాం. ఆ విమానం ఆయన్ని ఎక్కించుకోకుండానే పోయింది. తరవాతది ఎక్కాడు. పండగ మొదటి రోజు దారిలోనే గడిచిపోయింది. రెండోనాడు సూర్యుడు కొండమీదికి రాకముందే చేరాడట. కూతురు అప్పటికే నిలబడి ఉంది. చూసింది గానీ నాట్యం ఆపలేదు. ఆపకూడదు. ఆయన వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

చెప్పిన రోజుకి తిరిగొచ్చాడు. మెస్సు బల్ల మీద నా ముందొక గుడ్డసంచి పెట్టాడు. లోపల లేతపసుపు పిండి. వాళ్ళ కొండల్లో దొరికే ఓక్ కాయల పిండి, మాంసం పులుసులో కలుపుకుంటారు. "మా అత్తగారు పంపింది. గోడవతల నుంచి నా కూతురి చేత ఇప్పించింది. నీకో మాట కూడా చెప్పమంది."

నేను తిట్లకి సిద్ధపడ్డాను.

"నన్ను గుర్రం మీంచి పడేసినవాడికి చెప్పు, లేచాను, వండాను, అందరూ తిన్నారు, అంది. మా వైపు గుర్రాలు అంత చెడ్డవి కావు అని కూడా అంది."

ఆ పిండి మల్లయ్య కోడిపులుసులో కలిపాడు. ఎలా ఉందని బెన్ అడిగితే, మా ఊరి చింతకాయలు కూడా దీని ముందు చేతులు కట్టుకుంటాయని చెప్పబోయి, "కొంచెం చేదుగా ఉంది, బాగుంది," అన్నాను. ఆయన తలూపాడు. ఆ షట్‌డౌన్ తరవాత ఆయన ఇంకో దేశం పోయాడు, నేను రియాద్ వచ్చాను.

ఇప్పుడు మా కంపెనీలో సెలవు అడిగేవాళ్ళు ముందు నా దగ్గరికే వస్తారు. మొన్నొకడు వాళ్ళమ్మని ఐసీయూలో పెట్టుకుని వచ్చాడు. నేను సాంతం విని, "ముందు మీ అమ్మకి ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడుగు. తరవాత నీకు సెలవెందుక్కావాలో చెప్పు," అన్నాను. చెల్లెలి సీమంతమట. ఆ మాటే పైకి తీసుకెళ్ళాను. సగం రోజులు దొరికాయి.

కథలు మానానని అనుకోకండి. పూరీ వచ్చిన రోజున మా తాతగారి చపాతీ నూనెలో పడుతూనే ఉంటుంది, గేదెలు ఈదుతూనే ఉంటాయి. బెన్‌ని కూడా అవసరాన్ని బట్టి కొంచెం పొడుగు చేస్తాను. వాళ్ళ అత్తగారి విషయంలో మాత్రం ఒక్క మాట కలపను. ఏడాదికోసారి బెన్ దగ్గర్నుంచి రెండు ముక్కల మెసేజ్ వస్తుంది: బాగుంది, వండుతోంది. నేను అక్షరం మార్చకుండా బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి చదివి వినిపిస్తాను. వాళ్ళు మిగతా కథ ఏదని అడుగుతారు. అదే కథ అని చెప్పి పూరీ తుంచుకుంటాను.