రెండో దెబ్బకు చప్పట్లు

అబద్ధం చెప్పడానికి నాకు పెద్ద కారణమేమీ అక్కర్లేకపోయింది. ఎనభై దాటిన మనిషి ఆశగా నా మొహంలోకి చూశాడు. అంతే, అవునన్నాను.

జర్మనీలో, జీగెన్ ఊళ్ళో మాస్టర్స్ చదివే రోజులవి. నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నా క్లాస్‌మేటూ ఆయన ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాం. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే విసుక్కునేవాడు. ఆదివారం వాషింగ్ మెషీన్ వేస్తే తలుపు తట్టి మరీ చీవాట్లు పెట్టేవాడు. అదే ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మాత్రం నన్ను కాఫీకి పిలిచేవాడు. కేకు నోట్లో పెట్టుకునేలోపే వీడియో క్యాసెట్ మొదలయ్యేది.

అరవైల నాటి జర్మన్ టీవీ కార్యక్రమం, నలుపు తెలుపు. అమెరికా నుంచి వచ్చిన సోల్ పాటల బృందాలు. ఒకే రకం సూట్లు వేసుకున్న నల్లజాతి గాయకులు నలుగురో అయిదుగురో. ఒకాయన ముందు నిలబడి కడుపులో ఉన్నదంతా బయటపెట్టి పాడుతుంటే, మిగతావాళ్ళు వెనక ఒక్క అడుగు తేడా రాకుండా తిరిగేవాళ్ళు. భజనల ఇంట్లో పెరిగినదాన్ని, నాకు ఆ పాట వింటుంటే కళ్ళు చెమర్చేవి.

పెద్దాయన చూసేది వాళ్ళను కాదు, వింటున్న జనాన్ని. పెళ్ళికి ముందు, పంతొమ్మిదేళ్ళప్పుడు, ఆయన భార్య రైలెక్కి కొలోన్ వెళ్ళి ఆ స్టూడియోలో జనం మధ్య నిలబడిందట. ఏ రోజో, ఏ బృందమో ఆమెకే సరిగా గుర్తులేదు. ఆమె చనిపోయిన ఏడాదికి ఆ కార్యక్రమాలన్నీ మళ్ళీ టీవీలో వేశారు. ఈయన ఒక్కటీ వదలకుండా రికార్డు చేసి, ఎనిమిది క్యాసెట్లలోనూ ఏళ్ళ తరబడి వెతికాడు. దొరకలేదు. ఇప్పుడేమో చూపు మధ్యలో మసక కమ్ముతోంది. కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు అయి వచ్చిన రోజు, "వసంతం దాకా చూపుంటే గొప్ప" అని, నా కప్పులో కాఫీ పోశాడు.

ఆ తరవాతి ఆదివారమే బొమ్మను ఆపాడు. ముందు వరసలో తెల్ల కాలరున్న అమ్మాయి. గోడ మీది పెళ్ళి ఫోటో తీసుకొచ్చి తెర పక్కన పెట్టాడు.

"నా కళ్ళను నేను నమ్మలేను. మీరు చెప్పండి, ఈమేనా?"

నాకేం తెలుసు? మా ఇంట్లో పెద్దవాళ్ళు చీర ఎలా ఉందంటే బాగుందంటాం, కూర కుదిరిందా అంటే కుదిరిందంటాం. ఆ అలవాటే నోట్లోంచి వచ్చేసింది. "ఆమే" అన్నాను.

ఆయన నా చేత ఆ బొమ్మ ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి వంటింట్లో పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి "గూటెన్ మోర్గెన్" అని శుభోదయం చెప్పడం మెట్ల మీదికి వినిపించేది. మొదట్లో పుణ్యం చేశాననే అనుకున్నాను.

ప్లేయరు టేపును నమలడం మొదలుపెట్టింది. క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి పెడతానని నేనే అన్నాను. ఆరో క్యాసెట్‌లో అయిదుగురి బృందం పాడుతోంది. వెనక ఉన్న నలుగురూ తాళంలో రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ చప్పట్లు కొడుతున్నారు. జనం మాత్రం, ఊరేగింపులో నడిచేవాళ్ళ మాదిరి, ఒకటికీ మూడుకీ. తాళం తప్పితే చూపులతోనే చంపే మామయ్య దగ్గర భజన నేర్చుకున్నదాన్ని, నాకు ఒళ్ళు మండింది. అప్పుడు కెమెరా పక్కకు తిరిగింది. స్తంభం దగ్గర ఒక్క పిల్ల, ఒక్కర్తే, రెండుకీ నాలుగుకీ కొడుతోంది. ఇటు తిరిగి నవ్వింది. ముందు పళ్ళ మధ్య సందు. పెళ్ళి ఫోటోలో ఉన్నదే.

నా క్లాస్‌మేటుకు చూపించాను.

"ఇప్పుడెలా చెప్పనే?" అన్నాను. "ఆయన సంతోషంగా ఉన్నారు కదా, వదిలేస్తే?"

"సంతోషం సంగతి పక్కన పెట్టు. ఆయన కండ్లు ఎన్ని రోజులుంటయో నీకెరుక లేదా? ఉన్న చూపంతా ఎవరో పిల్ల మీద పెట్టిస్తున్నవ్. ఇయ్యాల్నే పోయి చెప్పు."

ఆ మాట గుచ్చుకుంది. లాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగాను.

చెప్పాను. ఆయన తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. తల అటూ ఇటూ తిప్పి, కంటి చివర్ల నుంచి పట్టుకోవాలని చూశాడు. "తెల్లగా ఏదో కదులుతోంది" అన్నాడు. వెనక్కి వాలి, "మరి ఆ రోజు అవునని ఎందుకన్నారు?" అని అడిగాడు.

"మీరు అంత ఆశగా అడిగితే కాదనలేకపోయాను."

"తెలియకపోతే తెలియదంటారు. రెండు నెలలుగా ఎవరికో గూటెన్ మోర్గెన్ చెబుతున్నాను."

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది. ఆ రెండు నెలల చూపు నేను తినేశాను. దానికి క్షమించమని ఏ భాషలో అడగాలో నాకు తెలియలేదు.

పాట మళ్ళీ పెట్టాను. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకుని, తెర మీద ఆమె చేతులు కలిసినప్పుడల్లా ఆయన అరచేతిలో తట్టాను. స్పీకర్లో జనం చప్పట్లు వేరు, నా తట్టు వేరు. కాసేపటికి ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఆమే" అన్నాడు. "చర్చిలో ఇంతే, పుట్టినరోజుల్లో ఇంతే. ముప్పై ఏళ్ళు, తప్పు తాళం వేస్తోందని, నలుగురూ చూస్తున్నారని, ఈ చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని ఆపేవాణ్ణి."

పాట సగానికొచ్చింది.

"ఆ పాడేవాళ్ళు ఎలా కొడుతున్నారు?"

"ఆమెలాగే."

ఆయన తన చెయ్యి నెమ్మదిగా విడిపించుకున్నాడు. పాట మొదటికి తిప్పమన్నాడు. ఈసారి తెర వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, రెండో దెబ్బ కోసం ఆగి, చప్పట్లు కొట్టాడు.